రూపకం అంటే ‘వలె’ తీసేసిన ఉపమేనా?

పలకాబలపం
అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. మొన్న తెలుగు పరీక్షలో ‘ముఖపద్మం’ ఏ సమాసమో రాయమంటే ‘రూపక సమాసం’ అని రాసింది. అడ్డంగా కొట్టేసి, పక్కన ఎర్ర సిరాతో ‘ఉపమాన ఉత్తరపద కర్మధారయం’ అని రాసి ఇచ్చారు. “ముఖమే పద్మం అని నేను అనుకున్నాను, అలా అనుకోకూడదని ఎక్కడ ఉంది?” అని ఆమె ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు.

నేను బట్టీ పట్టిన లక్షణం ఇప్పటికీ గుర్తుంది: ఉపమాన ఉపమేయాలకు అభేదం చెబితే రూపకం. ఆ అభేదం ఏమిటో అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కావడం లేదు. ముఖం పద్మం కాదని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. మరి ఎవరిని మోసం చేస్తున్నట్టు? ‘పద్మం వంటి ముఖం’లో ‘వంటి’ ఎగరగొడితే రూపకం అయిపోతుందా? ఇంగ్లీషువాళ్ళ మెటఫరూ మన రూపకమూ ఒకటేనా?

లెక్కల మనిషి
ఇందులో చిక్కేముంది? ‘వలె’, ‘వంటి’ ఉంటే ఉపమ. తీసేస్తే రూపకం. ‘సుమారుగా సమానం’ గుర్తు ఉన్నచోట ‘సమానం’ గుర్తు పెట్టారు, అంతే. మిగతాదంతా పండితులు పెంచిన బరువు.

చూర్ణిక
అయితే ‘ఆమె ముఖం పద్మాన్ని వెక్కిరిస్తోంది’ అన్న వాక్యాన్ని ఏ ఖాతాలో వేస్తారు? అందులో ‘వలె’ లేదు. రూపకమూ కాదు. ముఖం ఇటు, పద్మం అటు నిలబడి పోటీ పడుతున్నాయి. వెక్కిరించడం, జయించడం, అందాన్ని దొంగిలించడం వంటి క్రియలన్నిటినీ ఆలంకారికుడు దండి కావ్యాదర్శంలో పోలికను తెలిపే మాటల వరసలోనే కూర్చోబెట్టాడు. గుర్తు చూసి అలంకారం పేరు చెప్పడం టోపీ చూసి మనిషిని పోల్చుకోవడం లాంటిది.

లెక్కల మనిషి
ఇప్పుడు మీరు వాడింది ఉపమ. ‘లాంటిది’ ఉంది.

చూర్ణిక
ఉంది. ఆ ఒక్కటీ మీ ఖాతాలో వేసుకోండి.

బడిపంతులు
ముప్పయ్యేళ్ళు ఈ సమాసాలే చెప్పి రిటైరయ్యాను కాబట్టి నోరు ఊరుకోవడం లేదు.

పలకాబలపం గారూ, ముందు మీ అమ్మాయి సంగతి. ‘ముఖపద్మం’ అన్న మాట ఒంటరిగా ఉన్నంతసేపు రెండు విధాలా విడిపోతుంది. ‘పద్మం వంటి ముఖం’ అని విడదీస్తే ఉపమ, ‘ముఖమనెడి పద్మం’ అని విడదీస్తే రూపకం. ఏదన్నది తేల్చేది పక్కనున్న క్రియ. ‘తల్లి బిడ్డ ముఖపద్మాన్ని ముద్దాడింది’ అన్నారనుకోండి. ముద్దాడేది ముఖాన్ని. అందువల్ల ముఖానిదే పెద్దరికం, పద్మం ఊరికే పోలిక కోసం వచ్చింది. అది ఉపమ. ‘ముఖపద్మం వికసించింది’ అన్నారనుకోండి. వికసించడం పువ్వు చేసే పని. అక్కడ పద్మం ముందుకు వచ్చి ముఖాన్ని తనలో కలుపుకుంది. అది రూపకం. ఇలా తేల్చుకోమని ఆలంకారికులు ఎప్పుడో చెప్పారు. మరి ఆ ప్రశ్నలో వాక్యం ఏదైనా ఇచ్చారా?

పాణిని కూడా ఇలాంటి సమాసాల మీద ఒక చమత్కారమైన షరతు పెట్టాడు. రెండో అధ్యాయంలో ‘ఉపమితం వ్యాఘ్రాదిభిః సామాన్యాప్రయోగే’ అని ఒక సూత్రం. ‘పురుషవ్యాఘ్రుడు’ అని సమాసం చేసుకోవచ్చు, కానీ ఇద్దరికీ ఉన్న సమాన ధర్మాన్ని నోటితో చెప్పకూడదు. ‘పులి వంటివాడు, శూరుడు’ అని విప్పి చెప్పేశారా, ఇక సమాసం కుదరదు. పులికీ మనిషికీ ఏం పోలికో వినేవాడే వెతుక్కోవాలి. రెండున్నర వేల ఏళ్ళ కిందట, వ్యాకరణం రాసుకునేవాడికి ఈ సూక్ష్మం పట్టుబడింది చూడండి.

గవాక్షం
మెటఫర్ పుట్టుక సంగతి నేను చెబుతాను. అది గ్రీకు మాట. ‘మెటా’ అంటే ఒకచోటి నుంచి మరోచోటికి, ‘ఫెరీన్’ అంటే మోయడం. మోసుకుపోవడమే మెటఫర్. నేటి గ్రీసులో ఇళ్ళ సామాను తరలించే లారీల మీద ఈ మాట బహువచనంలో, ‘మెటఫొరేస్’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. అక్కడ రోడ్డు మీద బీరువాలు మోసేది మెటఫరే.

అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రం 21వ అధ్యాయంలో ఇచ్చిన నిర్వచనం కూడా ఈ మోతను బట్టే: ఒక వస్తువుకు చెందిన పేరును తెచ్చి మరొకదానికి పెట్టడం. దాన్ని నాలుగు రకాలు చేశాడు. జాతి పేరు అందులోని ఒక రకానికి, రకం పేరు జాతికి, ఒక రకం పేరు మరో రకానికి, చివరిది అనుపాతం. ఈ చివరిదానికి అతను ఇచ్చిన ఉదాహరణ: జీవితానికి ముసలితనం ఎలాగో, పగటికి సాయంత్రం అలాగ. అందుకని ముసలితనాన్ని జీవితపు సాయంత్రం అనవచ్చు. మనం ‘జీవన సంధ్య’ అంటాం కదా, అదే.

ఇంతకీ చెప్పదలచుకున్నది ఏమిటంటే, మొదటి రెండు రకాలకూ మన రూపకానికీ చుట్టరికమే లేదు. ఓడ లంగరు వేసి ఉందనడానికి బదులు ‘ఓడ నిలబడి ఉంది’ అనడం కూడా అతని లెక్కలో మెటఫరే. లంగరు వేయడం నిలబడడంలో ఒక రకం కాబట్టి. మనవాళ్ళు దీన్ని అలంకారం దాకా రానివ్వరు, లక్షణావృత్తి దగ్గరే, అంటే అసలు అర్థం కుదరనప్పుడు మాట దానికి దగ్గరి అర్థాన్ని ఇవ్వడం దగ్గరే, ఆపేస్తారు. మెటఫర్‌కు ‘రూపకం’ అని తెలుగు చేసి చేతులు దులుపుకుంటే సగం సామాను లారీలోనే ఉండిపోతుంది.

ఎర్ర సిరా
పేరు చూసి కంగారు పడకండి, పలకాబలపం గారూ, ఆ పరీక్ష పేపరు దిద్దింది నేను కాదు. పత్రికలో ఇతరుల రాతలు దిద్దడం నా పని.

‘వలె’ ఎగరగొడితే రూపకమా అన్న ప్రశ్న మీద నాకొక సందేహం. ఏది ముందు? ఉపమ పుట్టి, అది కుదించుకుపోయి రూపకం అయిందా? లేక రూపకమే ముందు పుట్టి, జాగ్రత్తపరులు దానికి ‘వలె’ అతికించారా?

గవాక్షం
రోమన్, గ్రీకు పెద్దలు సరిగ్గా ఇక్కడే విడిపోయారు. అరిస్టాటిల్ దృష్టిలో ఉపమే ఒక రకం మెటఫర్, కాకపోతే ఓ మాట ఎక్కువ. ‘వీరుడు సింహంలా దూకాడు’ అంటే ఉపమ, ‘సింహం దూకింది’ అంటే మెటఫర్. పొడవైనది కాబట్టి ఉపమ అంత రుచించదని కూడా అన్నాడు. దాదాపు నాలుగు వందల ఏళ్ళ తర్వాత రోమన్ పండితుడు క్వింటిలియన్ దీన్ని తిరగేసి, మెటఫర్ అంటే పొట్టి ఉపమ అన్నాడు. బడుల్లో నిలిచింది రెండోదే. లెక్కల మనిషి గారు తెలియకుండానే క్వింటిలియన్ శిష్యులు.

బడిపంతులు
మనవైపు మొగ్గు కూడా క్వింటిలియన్ పక్షమే. వేదపదాలను వివరించే యాస్కుడి నిరుక్తంలో ‘లుప్తోపమ’ అన్న మాట ఉంది, అంటే పోలిక మాట లోపించిన ఉపమ. మెచ్చుకోవడానికి సింహం, పులి అంటారు, తిట్టడానికి కుక్క, కాకి అంటారు అని ఉదాహరణలిచ్చాడు. తిట్లను భాషాశాస్త్రంలోకి తెచ్చినందుకు ఆయనకు నా నమస్కారం. భరతుడు నాట్యశాస్త్రంలో నాలుగే అలంకారాలు చెప్పాడు: ఉపమ, రూపకం, దీపకం, యమకం. అంటే రూపకానికి అప్పటికే వేరు కాపురం ఏర్పడింది. అయినా దండి ‘ఉపమైవ తిరోభూతభేదా రూపకమ్’ అన్నాడు. భేదం కనుమరుగైన ఉపమే రూపకం అని.

చూర్ణిక
‘తిరోభూత’ అన్న మాట మీద ఒక్క క్షణం ఆగండి. భేదం లేదు అనలేదు, దాక్కుంది అన్నాడు. తెర వెనక్కి వెళ్ళింది, ఉంది. పలకాబలపం గారు అడిగిన ‘ఎవరిని మోసం చేస్తున్నట్టు’ అన్నదానికి జవాబు ఇక్కడే దొరుకుతుంది.

చీకట్లో తాడును చూసి పాము అనుకుంటే అది పొరపాటు. కవిత్వంలో అలాంటి పొరపాటును వర్ణిస్తే దానికి వేరే పేరు ఉంది, భ్రాంతిమదలంకారం. ‘ఇది ముఖమా, పద్మమా’ అని ఊగిసలాడితే సందేహాలంకారం. ‘ఇది ముఖం కాదు, పద్మమే’ అని బుకాయిస్తే అపహ్నుతి. రూపకం వీటిలో ఏదీ కాదు. ముఖం పద్మం కాదని పూర్తిగా తెలిసి, ఆ తెలివిని చెరపకుండానే, కావాలని ‘పద్మం’ అనడం. శాస్త్రంలో దీన్ని ఆహార్య జ్ఞానం అంటారు. ఆహార్యం అంటే బయటి నుంచి తెచ్చుకుని తొడుక్కున్నది. నటుడి వేషానికి, కిరీటానికి, రంగుకు కూడా ఆహార్యమనే పేరు.

ఇంకో ముక్క. నాటకానికి సంస్కృతంలో పేరేమిటి? రూపకం! ధనంజయుడి దశరూపకంలో కారణం స్పష్టంగా ఉంది, ‘రూపకం తత్సమారోపాత్’. నటుడి మీద రాజు రూపాన్ని ఆరోపిస్తాం కనుక అది రూపకం. ముఖం మీద పద్మ రూపాన్ని ఆరోపిస్తాం కనుక ఇదీ రూపకం. రాజు వేషం వేసినవాడు రాజు కాదని టిక్కెట్టు కొన్నవాడికి తెలుసు, అయినా ఏడుస్తాడు. ఇందులో మోసపోయింది ఎవరు? వేషగాడే రాజని నిజంగా నమ్మినవాడు నాటకం చూడలేడు, లేచి వెళ్ళి దండం పెడతాడు. ఎంతసేపటికీ వేషగాడు మాత్రమే కనిపించేవాడూ చూడలేడు. రెండూ ఒకేసారి కనబడాలి.

పలకాబలపం
ఇది మా అమ్మాయికి చదివి వినిపించాను. “అయితే అభేదం అని ఎందుకు రాయించారు, వేషం అని రాయించవచ్చు కదా” అంది.

గవాక్షం
చూర్ణిక గారి టపా చదివాక నాకు ఒకటి తట్టింది. మెటఫర్‌కు ఏ భాషలో ఏ పేరు పెట్టినా ఆ పేరూ ఒక మెటఫరే అయి కూర్చుంటోంది! గ్రీకువాడికి అది మోత. లాటిన్‌వాడు ‘ట్రాన్స్‌లాషియో’ అని ఆ మోతనే తన భాషలోకి మోసుకున్నాడు. అరబ్బులు ‘ఇస్తిఆరా’ అన్నారు, అంటే అప్పు తెచ్చుకోవడం. అప్పు కనుక ఎప్పటికైనా తిరిగి ఇచ్చేయాలి, మాట తన సొంత అర్థానికి వెళ్ళిపోతుంది. పదకొండో శతాబ్దంలో అబ్దుల్ కాహిర్ అల్ జుర్జానీ దీని మీద ఎంతో లోతుగా రాశాడు. చైనీయులు ‘యిన్‌యు’ అంటారు, దాగిన పోలిక అని. దండితో కలిపి చూడండి: అక్కడ దాక్కున్నది పోలిక, ఇక్కడ దాక్కున్నది తేడా. ఇద్దరూ చూసింది ఒకే తెరను, అటు ఒకరు, ఇటు ఒకరు. మనవాళ్ళకు వేషం, వాళ్ళకు మోత, ఇంకొకరికి అప్పు. సొంత పేరుతో పిలిచినవాళ్ళు నాకింతవరకు తగల్లేదు.

లెక్కల మనిషి
నాకు నచ్చనిది సరిగ్గా ఇదే. వేషం, మోత, అప్పు, ఇవన్నీ పొగమంచు. ఉన్నది ఉన్నట్టు చెప్పలేనివాడే పోలికలు వెతుకుతాడు. 1651లో తత్త్వవేత్త హాబ్స్ కూడా తన లెవయథాన్‌లో మెటఫర్లను నమ్ముకుని ఆలోచించడం కొరివి దయ్యాల వెంట తిరగడం లాంటిదని తిట్టాడు. కవులకు సరే. శాస్త్రానికి ఇవి అక్కర్లేదు.

ఎర్ర సిరా
మెటఫర్‌ను తిట్టడానికి హాబ్స్‌కు కొరివి దయ్యం అవసరమైంది. మీకు పొగమంచు అవసరమైంది.

లెక్కల మనిషి
హాబ్స్‌ది ‘లాంటిది’. అది ఉపమ.

చూర్ణిక
ఈ లెక్కన మీది రూపకం. ‘ఇవన్నీ పొగమంచు’ అన్నారు, ‘లాంటివి’ అనలేదు.

గవాక్షం
శాస్త్రం దాకా ఎందుకు, మీ గణితంలోకే వద్దాం. వర్గమూలం అంటారు. మూలం అంటే వేరు. సంస్కృతంలో, అరబ్బీలో, లాటిన్‌లో కూడా ఆ మాటకు వేరు అనే అర్థం. భిన్నం అంటే విరిగినది. ఇంగ్లీషు ఫ్రాక్షన్ వెనకున్న లాటిన్ మాట కూడా విరగడమే. శూన్యం అంటే ఖాళీ. మీరు రోజూ వేర్లు పెరుకుతూ, విరిగిన ముక్కలు కలుపుతూ, ఖాళీని రాస్తూ ఉంటారు.

డార్విన్ 1859లో ‘ప్రకృతి వరణం’ అన్నప్పుడు ఇదే గొడవ అయింది. వరించడానికి ప్రకృతి ఏమన్నా మనిషా అని విమర్శకులు నిలదీశారు. 1861 నాటి మూడో కూర్పులో ఆయన జవాబిచ్చాడు: గురుత్వాకర్షణ గ్రహాలను పాలిస్తుందంటే ఎవరూ అభ్యంతరం చెప్పరే, ఇలాంటి రూపక ప్రయోగాల అర్థం అందరికీ తెలిసిందే, సంక్షిప్తత కోసం ఇవి దాదాపు తప్పవు అని. పొగమంచు కోసం కాదు, క్లుప్తత కోసం!

లెక్కల మనిషి
‘మూలం’ అన్నప్పుడు నాకు వేరు కనిపించదు. అది చచ్చిపోయిన పోలిక. చచ్చినదాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

బడిపంతులు
భేషైన ప్రశ్న! (ఆయన ప్రశ్నగా అడగలేదు గానీ, నేను అలా తీసుకుంటాను.) దీని మీద మన దగ్గర పెద్ద వ్యాజ్యమే నడిచింది.

‘కుశలుడు’ అంటే నేర్పరి. వ్యుత్పత్తి చూస్తే కుశలను, అంటే దర్భలను, కోసుకొచ్చేవాడు. దర్భ చేతిని కోస్తుంది, చెయ్యి తెగకుండా దాన్ని కోయాలంటే నేర్పు కావాలి. ‘పనిలో కుశలుడు’ అన్నప్పుడు దర్భలు లేవు కనుక అసలు అర్థానికి అడ్డు తగులుతుంది, లోకరూఢిని బట్టి ‘నేర్పరి’ అన్న అర్థం లక్షణ వల్ల వస్తుంది అని పదకొండో శతాబ్దంలో మమ్మటుడు కావ్యప్రకాశంలో వాదించాడు. తర్వాత సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు దీన్ని ఒప్పుకోలేదు. మాట ఎలా పుట్టిందన్నది వేరు, ఇప్పుడు దేనికి వాడుతున్నామన్నది వేరు, నేర్పరి అన్నదే దాని ముఖ్యార్థం, లక్షణ ఎందుకు అని తిప్పికొట్టాడు. లెక్కల మనిషి గారి ‘చచ్చిన పోలిక’ అచ్చంగా విశ్వనాథుడి పక్షం.

వీళ్ళిద్దరికన్నా ముందే, తొమ్మిదో శతాబ్దంలో, ఆనందవర్ధనుడు ‘లావణ్యం’ వంటి మాటల్లో ధ్వని, అంటే మాట వెనక స్ఫురించే అర్థం, వెతకవద్దన్నాడు. లవణం నుంచి పుట్టిన మాటే, కానీ అందం అన్న అర్థంలో రూఢి అయిపోయింది, వినేవాడికి ఉప్పు తగలదు.

చూర్ణిక
నేను మమ్మటుడి పక్షం. చచ్చిపోలేదు, నిద్రపోతున్నాయి. ‘అనుకూలం, ప్రతికూలం’ రోజూ పత్రికల్లో చదువుతాం. కూలం అంటే ఒడ్డు. ఒడ్డు వెంట పోతే అనుకూలం, ఒడ్డుకు ఎదురుపడితే ప్రతికూలం. ఒకసారి తెలిశాక ఆ వార్తల కింద నది కదలకుండా ఉంటుందా?

తెలుగులో ఇవి ఇంకా బాహాటంగా ఉన్నాయి. గడియారానికి ముల్లు, దువ్వెనకు పళ్ళు, కుండకు మూతి, కుర్చీకి కాళ్ళు. జడకూ పాయలే, నదికీ పాయలే. మాట ఇస్తాం, తప్పుతాం, జారవిడుస్తాం, చివరికి నోరే పారేసుకుంటాం. పారేసుకున్న నోరు ఎక్కడ దొరుకుతుందో!

అన్నట్టు గవాక్షం గారూ, మీ పేరు సంగతి ఎవరూ అడగలేదా?

గవాక్షం
అడుగుతారని ఎదురు చూస్తున్నాను! గవాక్షం అంటే ఆవు కన్ను, లేదా ఎద్దు కన్ను. గుండ్రటి కిటికీని చూసి అలా అన్నారు. ఇంగ్లీషు ‘విండో’ పాత నార్స్ భాష నుంచి వచ్చింది, అక్కడ దాని అర్థం గాలి కన్ను. వీళ్ళ పశువూ వాళ్ళ గాలీ ఎక్కడా కలుసుకోలేదు, గోడలో కన్ను మాత్రం ఇద్దరికీ కనిపించింది.

ఇక్కడ లెక్కల మనిషి గారికి ఒక పాయింటు ఇస్తాను. మాట అరువు వచ్చినప్పుడు పోలిక సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. కంప్యూటర్ పక్కనున్నదాన్ని ఇంగ్లీషువాడు ‘మౌస్’ అనేటప్పుడు తోకతో సహా ఎలుక ఉంది. మనం ‘మౌస్’ అంటే ఎలుక లేదు, వస్తువే ఉంది. చచ్చిన రూపకం చూడాలంటే అదిగో.

ఎర్ర సిరా
నిద్రపోతున్నవి కలిసి పడుకుంటే ఏమవుతుందో చూడాలంటే నా బల్ల దగ్గరకు రండి. ‘ప్రగతి రథం పట్టాలెక్కింది.’ వారానికి రెండుసార్లు వస్తుంది. రథానికి పట్టాలెందుకు? రాసినవాడికి రథం కనిపించలేదు, పట్టాలూ కనిపించలేదు. పోయిన నెల ఒకాయన దానికే ‘కొత్త రెక్కలు’ తొడిగాడు. ఇంతకన్నా కఠోపనిషత్తులో రథం నయం. శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గాలు, ఇంద్రియాలు గుర్రాలు, ఆత్మ రథంలో కూర్చున్నవాడు. ఒక్క మేకు వదులు కాలేదు.

బడిపంతులు
అది సావయవ రూపకం. అవయవాలన్నిటితో సహా ఆరోపించడం. మీ పత్రికలోది అవయవాలు ఊడిన రూపకం.

పలకాబలపం
ఒక చిన్న అనుమానం. ఇవన్నీ విడివిడి మాటల గురించి. ఆలోచనే రూపకాలతో నడుస్తుందని ఎక్కడో చదివాను. నిజమేనా?

గవాక్షం
1980లో లేకాఫ్, జాన్సన్ అనే ఇద్దరు గట్టిగా చెప్పిన మాట అది. వాదనను యుద్ధంగా, కాలాన్ని డబ్బుగా ఊహించుకుంటాం, మాటలు ఆ ఊహ నుంచి రాలిపడే తునకలు మాత్రమే అన్నారు. అంతకు ముందు 1936లో రిచర్డ్స్ అనే ఇంగ్లీషు విమర్శకుడు రూపకాన్ని రెండు ఆలోచనల మధ్య లావాదేవీగా చూశాడు. లేకాఫ్, జాన్సన్‌ల మాట కొంత అతిగా సాగిందని నా అభిప్రాయం. అయినా తెలుగులో కాలాన్ని చూస్తే కొట్టిపారేయలేను. ‘ముందు’ అన్న మాట చూడండి. ‘అంతకు ముందు’ అంటే గడిచిపోయినది. ‘ముందు ముందు చూద్దాం’ అంటే రాబోయేది. ఒకే మాట రెండు దిక్కులు చూస్తోంది.

చూర్ణిక
తికమక కాదు, రెండు చిత్రాలు. రోజులు వరసగా నడిచి వస్తుంటే, వరసలో ముందున్నది ముందే వచ్చి వెళ్ళిపోతుంది. అది ‘అంతకు ముందు’. మనమే నడుస్తుంటే, కాళ్ళ ఎదుట ఉన్నది ఇంకా రాలేదు. అది ‘ముందు ముందు’. నడిచేది ఎవరన్నదే తేడా.

లెక్కల మనిషి
ఇది బాగుంది. చట్రం మారితే దిశ మారుతుంది. ఇలా మొదటే చెప్పి ఉంటే ఇంత వాదించేవాణ్ణి కాదు.

ఒకటి మాత్రం వదలను. ‘వాడు సింహంలా ఉన్నాడు’ అన్నది ఎప్పుడూ నిజమే, ఎందుకంటే ఏదో ఒక విధంగా ప్రతిదీ ప్రతిదానిలా ఉంటుంది. ‘వాడు సింహం’ అన్నది అబద్ధం. రూపకం అంటే తెలిసి ఆడే అబద్ధం అని నిర్వచించవచ్చా?

గవాక్షం
మొదటి రెండు వాక్యాలూ 1978లో డేవిడ్‌సన్ అనే తత్త్వవేత్త చెప్పినవే: ఉపమలన్నీ నిజాలు, రూపకాలు ఎక్కువగా అబద్ధాలు. ‘ఎక్కువగా’ అన్న మాట గమనించండి. ‘ఏ మనిషీ ద్వీపం కాదు’ అని జాన్ డన్ 1624లో రాశాడు. అక్షరాలా నిజం. అయినా రూపకమే.

లెక్కల మనిషి
సరే. నిర్వచనం వెనక్కి తీసుకుంటున్నాను.

బడిపంతులు
పలకాబలపం గారూ, నేను అడిగిన ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు. పేపరులో వాక్యం ఉందా?

పలకాబలపం
ఇప్పుడే తీసి చూశాను. వాక్యం లేదు. ‘కింది పదాలకు సమాస నామాలు రాయండి’ అని ఉంది, కింద ‘ముఖపద్మం’ ఒంటరిగా ఉంది.

బడిపంతులు
అయితే ఇద్దరూ ఒప్పే. నేనైతే అర మార్కు కాదు, పూర్తి మార్కు వేసేవాణ్ణి. విగ్రహవాక్యం కూడా రాయించి ఉంటే ఈ పేచీ ఉండేది కాదు. ఇలాంటి ప్రశ్నపత్రాలు నేనూ చాలా తయారుచేశాను, ఎంతమంది పిల్లలకు అన్యాయం చేశానో ఇప్పుడు లెక్క తేలదు.

పలకాబలపం
చదివి వినిపించాను. “నా ముఖపద్మం వికసించింది, ఇప్పుడు వాక్యం ఉంది కదా, మార్కు వేయమను” అంటోంది.